పెన్ను గుండ్రంగా రావాలంటే



చెక్కతో చేసిన పెన్ను ఒకటి చేతిలోకి తీసుకోండి. బొటనవేలి గోరును చెక్క మీద ఆనించి, మెల్లగా జరుపుతూ లోహపు మూతి దాకా తీసుకెళ్ళండి. చెక్క ఎక్కడ అయిపోయిందో, లోహం ఎక్కడ మొదలైందో గోరుకు తెలియకపోతే అది మంచి పెన్ను. గోరు ఠక్కున ఆగిందంటే పనిలో ఎక్కడో తేడా ఉంది. అప్పుడు ఇంకొక పని చెయ్యండి. పెన్నును సగం చుట్టు తిప్పి, అదే అతుకు మీద మళ్ళీ గోరు నడపండి. ఒక పక్క చెక్క ఎత్తుగా, రెండో పక్క లోహం ఎత్తుగా తగిలితే ఆ తప్పు ఉలి పట్టిన చేతిది కాదు. ఆ చెక్కను లేత్ మీద ఎక్కించిన తీరులో ఉంది. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఆ ఎక్కించడం గురించే. మాండ్రెల్ గురించి, దాని మీద కూర్చునే బుష్‌ల గురించి.

లేత్ మీద పెన్నులు చేసుకోవడం అమెరికాలో, ఇంగ్లండులో చాలామందికి ఇంటి షెడ్డులో చేసుకునే ఇష్టమైన పని. పెన్నుకు కావలసిన లోహపు సామానంతా ఒక కిట్టుగా అమ్ముతారు. మూతి, క్లిప్పు, నడుమ పట్టీ, తిప్పితే రీఫిల్ బయటికి వచ్చే మర, ఇత్తడి గొట్టాలు, అన్నీ ఒక చిన్న సంచిలో వస్తాయి. చెక్క మనది, చెక్కే పని మనది. ఆ కిట్లను ఇప్పుడు మనమూ ఇంటి దగ్గర నుంచే తెప్పించుకోవచ్చు. చిన్న లేత్ కొనుక్కుని ఈ పని మొదలుపెట్టినవాళ్ళు మంచి ఉలి కోసం, ఖరీదైన చెక్క కోసం డబ్బు పెడతారు. మాండ్రెల్ మాత్రం లేత్‌తో పాటు వచ్చిందో, చవగ్గా దొరికిందో వాడేస్తారు. పెన్ను గుండ్రాన్ని నిర్ణయించేది మాత్రం ఆ మాండ్రెలే.

ఎందుకో చెప్పాలంటే పెన్ను ఎలా తయారవుతుందో కాస్త చూడాలి. అన్నిటికంటే మామూలుగా దొరికే స్లిమ్‌లైన్ కిట్టునే తీసుకుందాం. సుమారు 18, 20 మిల్లీమీటర్ల చదరపు చెక్క ముక్కను రెండుగా కోస్తాం. ఒక్కొక్క ముక్కకు నిలువునా 7 మిల్లీమీటర్ల బెజ్జం వేస్తాం. ఆ బెజ్జంలోకి పలుచటి ఇత్తడి గొట్టాన్ని ఎపాక్సీ పెట్టో, సూపర్ గ్లూ పెట్టో అతికిస్తాం. గొట్టాన్ని ముందుగా ఎమెరీ కాగితంతో గరుకు చేసుకుంటే జిగురు బాగా పట్టుకుంటుంది. ఇదంతా అయ్యాక లేత్ మీదికి ఎక్కించి, పైన చెక్కను చెక్కుతాం. చివర్లో లోహపు భాగాలన్నీ ఆ ఇత్తడి గొట్టంలోకే నొక్కుతాం.

ఇక్కడే ఒక సంగతి పట్టుకోవాలి. మూతి అయినా, పట్టీ అయినా కూర్చునేది గొట్టంలో. కాబట్టి వాటికి కేంద్రం గొట్టం కేంద్రమే. పైన మనం చెక్కే చెక్క కూడా సరిగ్గా ఆ గొట్టం చుట్టూనే గుండ్రంగా రావాలి. బెజ్జం వేసేటప్పుడు డ్రిల్ కొంచెం పక్కకు నడిచిందని కొందరు కంగారుపడి ముక్క పారేస్తారు. గొట్టం బయటికి పొడుచుకు రానంత వరకూ దాని వల్ల పెన్నుకు నష్టం లేదు. చెక్క చారలు కొంచెం వాలుగా కనబడతాయి, అంతే. మన ఏటికొప్పాక బొమ్మల పనిలో సంగతి వేరు. అంకుడు కర్రను ఒక చివర పట్టించి, బయటి రూపం తీర్చి, లక్క రంగు పట్టించి, కోసి దింపుతారు. చెక్కినదే గుండ్రం, దాన్ని ఇంకో లోహంతో కలపాల్సిన పని లేదు. పెన్నులో అలా కుదరదు. కంటికి కనబడని గొట్టానికి, కంటికి కనబడే చెక్కకు ఒకే కేంద్రం ఉండాలి. ఆ రెండింటినీ కలిపేది మాండ్రెల్.

మాండ్రెల్ అంటే ఒక నిటారైన ఉక్కు రాడ్. దాని లావు పావు అంగుళానికి ఒక వెంట్రుక తక్కువ. 7 మిల్లీమీటర్ల గొట్టం లోపల కాస్త వదులుగా దూరుతుంది. ఒక చివర మోర్స్ టేపర్ ఉంటుంది, అది లేత్‌లో మోటారు తిప్పే చివర ఉన్న హెడ్‌స్టాక్ లోకి పోతుంది. రెండో చివర మరలు, వాటి మీద ఇత్తడి నట్టు, కొసన చిన్న గుంట. ఆ గుంటలో ఎదురు చివర ఉన్న టెయిల్‌స్టాక్ నుంచి వచ్చే లైవ్ సెంటర్, అంటే పనితో పాటు తిరిగే మొన, కూర్చుంటుంది. రాడ్ మీద వరసగా ఒక బుష్, ఒక చెక్క ముక్క, నడుమ ఇంకో బుష్, రెండో ముక్క, చివర మూడో బుష్. పైన నట్టు బిగిస్తే అన్నీ కలిసి ఒకటిగా తిరుగుతాయి.

మోర్స్ టేపర్ అంటే వాలుగా సన్నబడుతూ పోయే కొస. స్టీఫెన్ మోర్స్ అనే అమెరికన్ 1860ల్లో తయారుచేసిన కొలత ఇది, ఇప్పటికీ ప్రపంచమంతా అదే. 20 పాళ్ళ పొడవుకు సుమారు ఒక పాలు లావు తగ్గుతుంది. అంత తక్కువ వాలు కాబట్టే కాస్త తట్టగానే బిగుసుకుపోయి, మర అక్కర్లేకుండా పట్టు ఇస్తుంది. కొనేముందు మీ లేత్ ఏ నంబరుదో చూసుకోండి. చిన్న చెక్క లేత్‌లకు 1వ నంబరు, దాని లావు చివర 12 మిల్లీమీటర్ల ప్రాంతం. కాస్త పెద్దవాటికి 2వ నంబరు, దాదాపు 18 మిల్లీమీటర్లు. ఇనుము పనికి వాడే చిన్న మినీ లేత్‌లలో మామూలుగా హెడ్‌స్టాక్ 3వ నంబరు, టెయిల్‌స్టాక్ 2వ నంబరు ఉంటాయి. అలాంటి హెడ్‌స్టాక్‌కు స్లీవ్ వేసుకోవాలి. నంబరు ఏదైనా ఎక్కించే ముందు లోపలి బెజ్జాన్ని, మాండ్రెల్ కొసను పొడి గుడ్డతో తుడవండి. టేపర్‌లో ఇరుక్కున్న ఒక్క రంపపు పొట్టు తునక కూడా రాడ్ రెండో చివరకు వెళ్ళేసరికి పెద్ద ఔటుగా కనబడుతుంది.

ఔటు అంటే ఏమిటో, ఎంతో లెక్క చూద్దాం. రాడ్ కేంద్రం నుంచి 0.1 మిల్లీమీటరు పక్కకు జరిగి తిరుగుతోందనుకోండి. డయల్ గేజ్ పెట్టి చూస్తే ముల్లు 0.2 చూపిస్తుంది, ఎందుకంటే అటు 0.1, ఇటు 0.1. మీరు ఉలి పెట్టి చెక్కితే చెక్క గుండ్రంగానే వస్తుంది, లేత్ మీద ఉన్నంతసేపూ చక్కగానే కనబడుతుంది. కానీ అది తిరిగే కేంద్రం చుట్టూ గుండ్రం, గొట్టం చుట్టూ కాదు. దింపి మూతి నొక్కాక ఒక పక్క చెక్క 0.1 ఎత్తు, ఎదురు పక్క 0.1 పల్లం. గోరు పెట్టినవాళ్ళందరికీ అది తెలిసిపోతుంది. గరుకు కాగితం వేసి ఎత్తు పక్క అరగదీద్దామంటే లోహపు పూత పోతుంది.

మా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడొకడు తన పెన్ను తెచ్చి చూపించాడు. చింతచేవతో చేశాడు. ఊదా కలిసిన ముదురు గోధుమ రంగు, మంచి మెరుపు. నడుమ పట్టీ దగ్గర మాత్రం మెట్టు. "మాస్టారూ, స్క్యూ ఉలి నాకింకా చేతికి రాలేదండి" అన్నాడు. పెన్ను అటూ ఇటూ తిప్పి చూశాను. మూతి దగ్గర దాదాపు సరిగ్గా ఉంది, క్లిప్పు దగ్గరా సరిగ్గానే ఉంది. తేడా అంతా నడుమే. "ఉలి సంగతి తర్వాత చూద్దాం, ముందు నీ మాండ్రెల్ పట్టుకురా" అన్నాను. రాడ్‌ను విప్పి, కిటికీ దగ్గర అద్దం పలక మీద పెట్టి, వేలితో మెల్లగా దొర్లించమన్నాను. దొర్లుతున్నకొద్దీ రాడ్ కింద వెలుగు గీత సన్నబడి, లావై, మళ్ళీ సన్నబడుతోంది. వంగిపోయింది. "ఎంత గట్టిగా బిగిస్తావు నట్టు?" అంటే, "ప్లయరు పెట్టి బిగిస్తానండి, చెక్క జారిపోతోందని" అన్నాడు.

అతని పెన్నులో తప్పు నడుమనే ఎందుకు కనబడిందో చూడండి. రాడ్‌కు రెండు కొసలా ఆధారం ఉంది. నట్టు బిగించినకొద్దీ బుష్‌లు, చెక్కలు ఒకదాన్నొకటి నొక్కుతాయి. వెనక నుంచి టెయిల్‌స్టాక్ కూడా తోస్తుంది. ఆ తోపుకు సన్నటి రాడ్ విల్లులా వంగుతుంది, వంపు నడుమ ఎక్కువగా ఉంటుంది. స్లిమ్‌లైన్‌లో రెండు ముక్కలూ ఒకే రాడ్ మీద ఎక్కిస్తాం కాబట్టి ఆ నడుమన ఉండేది పెన్ను పట్టీ అతుకే. చాలామంది పెన్నుల్లో పట్టీ దగ్గరే మెట్టు రావడానికి కారణం ఇది.

దీనికి మందు పొడవు తగ్గించడం. రెండు చివరలా ఆధారం ఉన్న రాడ్‌ను నడుమ ఒత్తితే వచ్చే వంపు పొడవు ఘనంతో పెరుగుతుంది. పొడవు సగం చేస్తే వంపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. చివరి నుంచి తోసినప్పుడు వంగకుండా నిలిచే బలం కూడా సగం పొడవుకు నాలుగు రెట్లు అవుతుంది. అందుకే నేను రెండు ముక్కలనూ ఒకేసారి ఎక్కించమని ఎవరికీ చెప్పను. ఒక్కో ముక్కనూ విడిగా ఎక్కించి చెయ్యండి. అలా చెయ్యాలంటే పొడవు సర్దుబాటు చేసుకునే మాండ్రెల్ కావాలి. అందులో టేపర్ భాగానికి చిన్న కోలెట్ ఉంటుంది. రాడ్‌ను కావలసినంత లోపలికి జరిపి కోలెట్ బిగించుకోవచ్చు. స్థిరంగా ఒకే పొడవు ఉండే మాండ్రెల్ కంటే దీని ధర ఎక్కువే, కానీ మొదటిసారి కొనేవాళ్ళు కూడా ఇదే కొనాలని నా అభిప్రాయం. పైగా రాడ్ వంగితే రాడ్ ఒక్కటే మార్చుకోవచ్చు.

ఇక బిగింపు. నట్టును రెండు వేళ్ళతో బిగించినంత చాలు. ప్లయరు, స్పానరు దాని దగ్గరకు రాకూడదు. టెయిల్‌స్టాక్‌ను దగ్గరకు తెచ్చి లాక్ చేసి, చక్రం తిప్పుతూ లైవ్ సెంటర్ మొనను రాడ్ గుంటలోకి ఆనించండి. రాడ్‌ను చేత్తో తిప్పితే లైవ్ సెంటర్ కూడా దాంతో తిరగాలి. తిరిగిందంటే అక్కడితో ఆపి, టెయిల్‌స్టాక్ స్పిండిల్‌ను కూడా లాక్ చెయ్యండి. ఇంకో పావు చుట్టు తిప్పుదామనిపిస్తుంది, తిప్పకండి. పనిలో చెక్క జారుతోందంటే బిగింపు తక్కువై కాకపోవచ్చు. ఉలి మొద్దుబారి ఉండవచ్చు, లేదా ఒక్కసారే మరీ లోతు తీస్తూ ఉండవచ్చు. పదునైన ఉలితో పలుచగా పొర తీస్తే వేలి బిగింపు సరిపోతుంది.

లైవ్ సెంటర్ మొన కోణం కూడా చూడాలి. మాండ్రెల్ గుంట మామూలుగా 60 డిగ్రీలకు కోసి ఉంటుంది. చెక్క లేత్‌తో వచ్చే సెంటర్లు చాలావరకు చెక్కలో గుచ్చుకోవడానికి చేసినవి. చుట్టూ గిన్నెలా అంచు, నడుమ సన్నటి ముల్లు. ఆ ముల్లు ఈ గుంటలో సరిగ్గా కూర్చోదు. ఒక అంచు మీదే ఆని తిరుగుతూ, కొన్నాళ్ళకు గుంటనే కోలగా చేసేస్తుంది. 60 డిగ్రీల లైవ్ సెంటర్ ఒకటి విడిగా కొనుక్కోండి. హెడ్‌స్టాక్‌లో కూడా ఒక మొన పెట్టి, టెయిల్‌స్టాక్ మొనను దాని దగ్గరకు తెచ్చి చూడండి. పై నుంచి చూసినా, పక్క నుంచి చూసినా మొనలు రెండూ ఎదురెదురుగా కలవాలి. కలవకపోతే ఎంత మంచి రాడ్ వేసినా పక్కకు లాగుతూనే ఉంటుంది.

వంపుకు ఇంకో కారణం చాలామంది దృష్టికి రాదు. అది చెక్క ముక్క చివర. గొట్టం అతికించాక ముక్క రెండు చివరలూ గొట్టానికి ఖచ్చితంగా నిలువుగా, చదునుగా ఉండాలి. వాలుగా ఉంటే నట్టు బిగించగానే బుష్ ఆ వాలు మీద ఒరుగుతుంది, రాడ్‌ను కూడా ఒరిగేలా చేస్తుంది. దీనికి ట్రిమ్మర్ ఉంటుంది. ముందు గొట్టంలో దూరే గైడ్ రాడ్, వెనక నాలుగు పళ్ళ కటర్. డ్రిల్‌కు తగిలించి మెల్లగా తిప్పితే చివర చదునవుతుంది. చెక్క మధ్యలో ఇత్తడి ఉంగరం పచ్చగా, చుట్టూ సమానంగా మెరవగానే ఆపెయ్యాలి. ఇంకా తిప్పితే గొట్టం పొట్టిదైపోతుంది. గొట్టం పొట్టిదైతే రీఫిల్ మొన మూతి దాటి ఎక్కువగా బయటికి వస్తుంది. తిప్పి మూసినా లోపలికి పోదు, జేబుకు మరక.

వంగిన రాడ్ బాధే లేకుండా చేసే మాండ్రెల్ సేవర్ అని ఒక పరికరం ఉంది. చూడటానికి మామూలు లైవ్ సెంటర్ లాగే ఉంటుంది, కానీ నడుమ బోలుగా ఉంటుంది. రాడ్ దాని లోపలికి దూరిపోతుంది. టెయిల్‌స్టాక్ తోపు రాడ్ కొస మీద పడదు, నేరుగా చివరి బుష్ మీద పడుతుంది. నట్టు అక్కర్లేదు. నొక్కుడంతా బుష్‌లు, చెక్క మోస్తాయి, రాడ్ ఊరికే దారి చూపుతుంది. ధరకు తగిన ప్రయోజనం ఉన్న వస్తువుల్లో ఇది ఒకటి. ఆ కుర్రాడికి నేను మొదట చెప్పింది ఇదే. కొత్త రాడ్, ఈ సేవర్ పెట్టి, అదే చింతచేవలో మిగిలిన ముక్కతో, అదే ఉలితో మళ్ళీ చేశాడు. పట్టీ దగ్గర గోరు ఆగలేదు.

అసలు రాడ్ లేకుండానే చెయ్యడం అంతకంటే పై మెట్టు. హెడ్‌స్టాక్‌లో 60 డిగ్రీల డెడ్ సెంటర్, అంటే విడిగా తిరగని మొన, టెయిల్‌స్టాక్‌లో 60 డిగ్రీల లైవ్ సెంటర్. చెక్క ముక్కకు రెండు చివరలా రెండు బుష్‌లు, ఆ బుష్‌ల బయటి ముఖంలో 60 డిగ్రీల గుంట. రెండు మొనల మధ్య ముక్కను పట్టిస్తే వంగడానికి అక్కడ రాడే లేదు. మంచి పెన్నులు చేసేవాళ్ళలో చాలామంది చివరికి చేరేది ఇక్కడికే. అయితే దీనికి సరిపోయేలా గుంట కోసిన బుష్‌లు కావాలి. కిట్టుకు విడిగా అమ్మే మామూలు బుష్‌లలో ఆ గుంట ఉండదు, ఉన్నా కోణం సరిగ్గా ఉంటుందన్న నమ్మకం లేదు. బుష్ లేదు కదా అని ఇత్తడి గొట్టంలోనే మొన పెట్టి తోస్తే గొట్టం మూతి విచ్చుకుంటుంది, చెక్క నిలువునా చీలుతుంది. ఆ పని ఎప్పుడూ చెయ్యకండి.

ఇక బుష్‌ల సంగతి. బుష్ అంటే ఉక్కు ఉంగరం. లోపలి బోరు రాడ్‌కు సరిపోవాలి, బయటి లావు ఆ చోట కూర్చునే లోహపు భాగం లావుకు సమానంగా ఉండాలి. చెక్కను బుష్ మట్టానికి దింపామంటే మూతి మట్టానికి దింపినట్టే. పెద్ద పెన్నులకు, ఉదాహరణకు 10 మిల్లీమీటర్ల గొట్టం వేసే సిగార్ పెన్నుకు, బుష్‌కు ఒక మెట్టు ఉంటుంది. ఆ మెట్టు గొట్టం లోపలికి దూరి దాన్ని కేంద్రంలో నిలబెడుతుంది. ప్రతి రకం కిట్టుకూ దాని బుష్‌లు వేరు. చూడటానికి ఒకేలా ఉన్న రెండు బుష్‌ల మధ్య అర మిల్లీమీటరు తేడా ఉండవచ్చు. ఒక్కో జతను ఒక్కో మాత్రల డబ్బాలో వేసి, పైన కిట్టు పేరు రాసి పెట్టుకోండి. కలిసిపోయాయంటే వెర్నియర్ పట్టుకుని కూర్చోవాల్సిందే.

వెర్నియర్ ఎలాగూ కావాలి. బుష్ చెప్పిన కొలతను నేను పూర్తిగా నమ్మను. మీరూ నమ్మకండి. కిట్టు భాగాల మీద పూత మందం ఒక్కో తయారీలో ఒక్కోలా ఉంటుంది. బుష్‌లు చాలావరకు మెత్తటి ఉక్కువి, గరుకు కాగితం పట్టినప్పుడల్లా చెక్కతో పాటు అవీ అరుగుతాయి. వాడినకొద్దీ సన్నబడతాయి, మీ పెన్నులూ సన్నబడతాయి, మీకు తెలియదు. ప్రతి పెన్నుకూ ముందు ఆ సంచిలో ఉన్న అసలు మూతిని, అసలు పట్టీని వెర్నియర్‌తో కొలిచి కాగితం మీద రాసుకోండి. బుష్ ఉన్నది కొలత దగ్గర పడేదాకా దారి చూపడానికి మాత్రమే. చివరి రెండు మూడు పొరలు ఆ కాగితం మీది అంకెను చూసి తియ్యాలి. పైన సూపర్ గ్లూ పూత వేసేట్టయితే ఆ పూతకు కూడా మందం ఉంటుంది కాబట్టి చెక్కను ఆ మేరకు కొంచెం తగ్గించి దింపుకోవాలి. మైనమో, పాలిషో వేసేట్టయితే సమానంగా ఉంచాలి.

గరుకు కాగితం దగ్గర బుష్ చేసే ఇంకో నష్టం మరక. అరిగిన ఉక్కు నల్లటి పొడి అవుతుంది. చింతచేవ మీద, జిట్రేగి మీద అది కనబడదు. అంకుడు లాంటి తెల్ల చెక్క మీద మాత్రం రెండు చివరలా బూడిద రంగు పట్టేస్తుంది, ఎంత తుడిచినా పోదు. సూపర్ గ్లూ పూత వేసినప్పుడు మరొక చిక్కు. ఆ జిగురు చెక్కనూ బుష్‌నూ కలిపి అతికించేస్తుంది. లాగి ఊడదీస్తే చెక్క అంచు పెచ్చు లేచిపోతుంది, అప్పటిదాకా చేసిన పనంతా పోయినట్టే. ఈ రెండింటికీ కలిపి ఒక ఉపాయం ఉంది. ఉలి పని అయ్యాక ఉక్కు బుష్‌లు తీసేసి, వాటి చోట డెల్రిన్ ప్లాస్టిక్ శంకులు పెట్టండి. శంకు కొస గొట్టం మూతిలో ఆనుతుంది, చెక్కకు తగలదు. దానికి సూపర్ గ్లూ అంతగా అంటదు, నల్లపొడి రాదు. గరుకు కాగితం, పూత, మెరుగు అన్నీ ఆ శంకుల మీదే చేసుకోవచ్చు. ఇక్కడ కూడా తోపు మెల్లగానే ఉండాలి, లేకపోతే శంకు కూడా గొట్టాన్ని విచ్చుకునేలా చేస్తుంది. శంకులు దొరక్కపోతే ఉక్కు బుష్‌ల అంచుకు పలుచగా మైనం రాయండి. పూత ఆరాక, దింపే ముందు, అతుకు మీద పదునైన ఉలి మొనతో చుట్టూ సన్నటి గీత పెట్టండి. అప్పుడు బుష్ శుభ్రంగా విడిపోతుంది.

కావలసిన బుష్ దొరకకపోతే? మన ఊళ్ళలో లేత్ వర్క్స్ లేని సందు లేదు. విజయవాడ ఆటోనగర్‌లో అయితే వరసగా ఉంటాయి. మేస్త్రికి బొమ్మ గీసి ఇవ్వడం కంటే అసలు వస్తువులు చేతికివ్వడం మంచిది. మాండ్రెల్ రాడ్, ఇత్తడి గొట్టం ముక్క, పెన్ను మూతి, మూడూ తీసుకెళ్ళండి. రెండు మాటలు మాత్రం గట్టిగా చెప్పండి. ఒకటి, బోరుకు డ్రిల్ వేసి వదిలెయ్యకుండా రీమర్ వెయ్యమనండి. రాడ్ మీద బుష్ ఊగకుండా, ఇరుక్కోకుండా, వేలితో తోస్తే జారేటట్టు ఉండాలి. రెండు, బోరు, బయటి సైజు, మెట్టు ఒకే సెట్టింగులో తియ్యమనండి. చక్‌లోంచి జాబ్ తీసి, తిప్పి పట్టించి బయటి సైజు తీస్తే లోపలి గుండ్రం ఒక చోట, బయటి గుండ్రం ఇంకో చోట పడుతుంది. అలాంటి బుష్ చేతిలో పట్టుకుంటే తళతళలాడుతూ బాగానే ఉంటుంది, పెన్ను మాత్రం పాడుచేస్తుంది. పని తెలిసిన మేస్త్రికి ఈ మాట చెప్పగానే మీకు ఏం కావాలో అర్థమైపోతుంది, మిగతాది ఆయనే చూసుకుంటాడు.

చెక్క గురించి ఒక్క మాట. ఎర్రచందనం పెన్ను చెయ్యాలని అడిగేవాళ్ళు చాలామంది. శేషాచలం కొండల్లో పెరిగే ఆ చెట్టుకు అటవీ చట్టాల రక్షణ ఉంది, అంతర్జాతీయ వ్యాపారం మీద కూడా కట్టడి ఉంది. కాగితాలు లేకుండా చిన్న ముక్క కూడా కొనకండి. మనకు చింతచేవ ఉంది, నల్లతుమ్మ ఉంది, పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు దొరికే టేకు దూలాలు ఉన్నాయి. తాటి మాను నల్ల పీచు పెన్ను మీద చాలా అందంగా ఉంటుంది. కానీ పీచు లేచిపోతుంది. పలుచటి సూపర్ గ్లూ తాగించి, ఆరనిచ్చి, పదును చేసిన ఉలితో పలుచటి పొరలు తీస్తే నిలబడుతుంది. అక్కడ మాండ్రెల్ ఏ మాత్రం అదిరినా పీచు పెళ్ళగిలి వస్తుంది.

మన రాజమండ్రి గురించి కూడా చెప్పుకోవాలి. రత్నం పెన్నులు 1930ల నాటి నుంచీ ఉన్నాయి, స్వదేశీ వస్తువు చెయ్యమన్న గాంధీజీ మాట వల్ల పుట్టినవి. ఎబొనైట్ కడ్డీతో చేస్తారు, అంటే గంధకం ఎక్కువగా కలిపి గట్టిపరచిన రబ్బరు. కిట్టు లేని ఇలాంటి పెన్నులో ఇత్తడి గొట్టం లేదు, బుష్ లేదు. మూతకూ, పెన్నుకూ ఆ పదార్థంలోనే మరలు కోస్తారు. ఇలా పెన్నులు చేసేవాళ్ళు ఆ మరలకే సరిపోయే మాండ్రెల్ చేసుకుని, మూతను దాని మీద మర తిప్పి ఎక్కించి బయటి పని చేస్తారు. అక్కడ మర కేంద్రమే పెన్ను కేంద్రం. కిట్టు పెన్నులతో చెయ్యి తిరిగాక ఆ దారిలోకి వెళ్ళాలని మన వాళ్ళు ఆశపడితే నాకెంతో సంతోషం. ఇత్తడి గొట్టం మీద కేంద్రాన్ని నిలబెట్టడం నేర్చుకున్న చేతికి, మర మీద నిలబెట్టడం కష్టం కాదు.

కొనడానికి డబ్బు పరిమితంగా ఉంటే వరస ఇలా పెట్టుకోండి. ముందు 60 డిగ్రీల లైవ్ సెంటర్, వెర్నియర్. తర్వాత పొడవు సర్దుకునే మాండ్రెల్, దానితో పాటు ఒక అదనపు రాడ్. ఒకే రకం కిట్టు ఎంచుకుని దాని బుష్‌లు రెండు జతలు తీసుకోండి. ఒక జత వాడకానికి, రెండో జత కొలత సరిచూసుకోవడానికి డబ్బాలో ఉంచండి. ఆ తర్వాత మాండ్రెల్ సేవర్, చివరగా డెల్రిన్ శంకులు. పది రకాల కిట్లు, పది రకాల బుష్‌లు మొదట్లోనే వద్దు.

లేత్ తిరుగుతున్నప్పుడు కళ్ళద్దాలు, దుమ్ముకు మాస్కు తప్పనిసరి. చీర కొంగు, చున్నీ, వదులు చేతుల చొక్కా లేత్ దగ్గరకు రానివ్వకండి. గరుకు కాగితం పట్టేటప్పుడు టూల్ రెస్ట్‌ను పక్కకు తీసేసి, వేగం తగ్గించండి. సూపర్ గ్లూ పొగ కళ్ళను మండిస్తుంది, కిటికీ తెరిచి పెట్టుకోండి. పని అయ్యాక మాండ్రెల్‌ను లేత్‌లోనే బిగించి వదిలెయ్యకుండా నట్టు వదులు చేసి తీసేయండి. గోడకు చేర్చి వాలుగా నిలబెట్టకండి, మరల కొస పైన ఉండేలా నిలువుగా ఒక మేకుకు వేలాడదీయండి. తరవాతి పెన్ను ఎక్కించే ముందు అద్దం పలక మీద రాడ్ ఒకసారి దొర్లించి చూసుకోండి.